గుడ్డు పెట్టాలా... పిల్లను కనాలా?

బంగారు బల్లి అనగానే కంచి గుర్తొస్తుంది. ప్రాణమున్న బంగారు బల్లులు మాత్రం మన తిరుమల కొండల్లో ఉన్నాయి. బ్రిటిష్ సైనికాధికారి బెడ్డోమ్ 1870లో వీటిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పగలంతా రాతి నెరియల్లో దాక్కునే ఈ బల్లి, గుడ్లను బండకే అతికిస్తుంది. ఒకేచోట ఎన్నో తల్లులు గుడ్లు పెడతాయి.

కొండ దిగి చేలల్లోకి వస్తే రక్తపింజరి కనిపిస్తుంది. అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఒక్క కాన్పులో 20 నుంచి 40 దాకా! బల్లులూ పాములూ ఒకే వంశవృక్షపు కొమ్మలు. మరి ఎందుకీ తేడా?

ఈ వంశంలో గుడ్డు నుంచి కాన్పుకు మారడం వందసార్లకు పైగా, దేనికది విడిగా జరిగిందని శాస్త్రవేత్తల లెక్క. ముఖ్య కారణం చలి. చల్లటి నేలలో గుడ్డు ఎదగదు. అదే కడుపులో ఉంటే, తల్లి ఎండ ఉన్నచోటికి మోసుకెళ్తుంది. తరతరాలుగా అలా దాచుకున్న కొద్దీ పెంకు పలచబడింది. తల్లి నుంచి నీరూ, ప్రాణవాయువూ అందే దారి ఏర్పడింది. చివరికి పిల్లే బయటికొచ్చింది. చలి ఒక్కటే కారణమనీ చెప్పలేం. మన ఎండల్లోనూ రక్తపింజరి పిల్లల్నే కంటోంది కదా!

ఆస్ట్రేలియాలో మన నలికండ్లపాము లాంటి మూడువేళ్ల బల్లి ఉంది. సిడ్నీ తీరంలో గుడ్లు పెడుతుంది, చలి కొండల్లో పిల్లల్ని కంటుంది. ఒక తల్లయితే మూడు గుడ్లు పెట్టి, కొన్ని వారాలకు అదే కాన్పులో పిల్లను కన్నదని 2019లో సిడ్నీ పరిశోధకులు ప్రకటించారు.

అలాగని కాన్పే గొప్పదా? కాదు. నిండు చూలాలు వేగంగా పరుగెత్తలేదు. శత్రువుకు చిక్కితే తల్లీపిల్లలూ పోతారు. గుడ్డు పెట్టేస్తే బరువు దిగినట్టే.

బంగారు బల్లి గుడ్డుది గట్టి సున్నపు పెంకు. అలాంటి పెంకున్న బల్లుల్లో ఒక్క జాతీ కాన్పు దారి పట్టలేదు. పిల్లల్ని కనే న్యూజిలాండ్ బల్లుల దగ్గరి చుట్టాలవి తోలులాంటి మెత్తటి పెంకులు.

అందుకే మన బల్లికి రాతి నెరియే గర్భం. అతికిన గుడ్డును తల్లి మరోచోటికి మోసుకుపోలేదు. బండ పగిలితే ఒక్క తల్లి కాదు, ఎన్నో తల్లుల కడుపుకోత. 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో చెట్లతోపాటు బండలనూ కాపాడుకోవాల్సింది ఇందుకే.