ఈల వేసిన నోళ్ళు... నెత్తురిచ్చిన చేతులు!

అభిమానులంటే ఎవరండీ? కటౌటుకు పాలు పోసేవాళ్ళు, తెరమీదికి చిల్లర విసిరేవాళ్ళు, టికెట్ దొరక్కపోతే గేటు దూకేవాళ్ళు! లోకం మాట ఇదే. ముప్పై ఏళ్ళపాటు ప్రొజెక్టర్ రూమ్ కిటికీలోంచి వాళ్ళ నడినెత్తులు చూసినవాణ్ణి గనుక నేనింకో మాట చెబుతాను, వినండి.

1983 అక్టోబర్లో వచ్చిన 'ఖైదీ'ని మా గోదావరి జిల్లా టౌన్లో ఆడించింది నేనే. కార్బన్ కడ్డీల వేడికి ఒళ్ళు కాలిపోయేది. రీలు మార్చేటప్పుడు తెర ఒక్క క్షణం తెల్లబడితే చాలు, కిందనుంచి మా వంశం మొత్తానికీ దీవెనలే!

ఆ రోజుల్లో రక్తం కావాలంటే ఆసుపత్రి గేటు దగ్గర అమ్మేవాళ్ళుండేవారు. కడుపు నిండక నెత్తురమ్ముకునే మనిషి! అతనిలో ఎంత సత్తువుందో, ఏ జబ్బుందో ఎవరికెరుక? సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం బంద్ అయింది. మంచిదే. మరి ఇచ్చేదెవరు? అదే ఏడు అక్టోబర్ 2న చిరంజీవి ట్రస్టు మొదలుపెట్టారు. బ్లడ్ బ్యాంకు, ఐ బ్యాంకు దాని పనులు.

సినిమావాళ్ళు జనంలోకి రావడం కొత్త కాదు. 1952లో రాయలసీమ కరువుకు రామారావుగారు జోలె పట్టారు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత ఆయనా, నాగేశ్వరరావుగారూ కలిసి విరాళాలకు తిరిగారు. అప్పుడడిగింది డబ్బు, బట్టలు. ఇప్పుడడిగింది నెత్తురు! నేల టికెట్టువాడి ఒంట్లోనూ, బాల్కనీవాడి ఒంట్లోనూ ఉండేది ఇంచుమించు అయిదు లీటర్లే కదా!

1999 ఆగస్టు 22, హీరోగారి పుట్టినరోజు. మా హాలు ఆవరణలోనే శిబిరం. గేటు దూకే వీరుడొకడు సూది చూసి వణికిపోయాడు! నేనూ పడుకున్నాను. 350 మిల్లీలీటర్లు. ఒక రీలు ఆడేంతసేపు కూడా పట్టలేదు. బిస్కెట్ తిని మ్యాట్నీకి వెళ్ళిపోయాను.

అప్పటికది సరదాయే. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఓ మే నెలలో ఒకాయన ప్రొజెక్టర్ రూమ్ మెట్లెక్కి వచ్చి, "అన్నా, మీ హీరో బొమ్మ రిలీజ్ ఎప్పుడు?" అన్నాడు. సినిమా పిచ్చోడనుకున్నాను. కాదు! ఆయన కొడుక్కి తలసేమియా. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వేసవిలో కాలేజీలుండవు, శిబిరాలుండవు. పోనీ దాచుకుందామా అంటే ఎర్రకణాలు మహా అయితే ఆరు వారాలు, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులు. రిలీజ్ నాడు అభిమానులు రక్తమిస్తారని ఎవరో చెబితే, ఆ తండ్రి బొమ్మ కోసం ఎదురుచూస్తున్నాడు!

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే ఓ నోటుబుక్కు కొన్నాను. పేరు, గ్రూపు, ఆఖరుసారి ఇచ్చిన తేదీ. మగవాళ్ళకు మూడు నెలల ఎడం ఉండాలి గనుక, పుట్టినరోజు నాడే అందరూ ఎగబడకుండా నెలకు కొందరని పంచాను.

తర్వాత రీళ్ళు పోయి డిజిటల్ వచ్చింది. బటన్ నొక్కేవాడు చాలన్నారు. మా హాలు కల్యాణ మంటపమైంది. యాభై దాటిన ఆపరేటర్ని ఎవడు పెట్టుకుంటాడు చెప్పండి! ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికొచ్చేవి. "బాబాయ్, ఎ-నెగెటివ్ ఎవరైనా ఉన్నారా?" అని అర్ధరాత్రి ఫోన్ మోగితే మాత్రం చటుక్కున లేచేవాణ్ణి. మా ఆవిడ గొణుగుతూనే లైటు వేసేది.

2024లో నాకు 65 నిండాయి. "ఇక మీ దగ్గర తీసుకోకూడదు బాబాయ్" అన్నాడు బ్లడ్ బ్యాంకు కుర్రాడు. 58 సార్లు ఇచ్చిన చెయ్యి! రిటైరైన రోజుకన్నా ఆ రోజే ఎక్కువ బాధేసింది. కానీ నోటుబుక్కుకు వయసు లేదుగా!

అన్నట్టు, అందులో అన్ని హీరోల అభిమానులూ ఉన్నారండోయ్! ఓ బాలకృష్ణ అభిమాని మావాళ్ళ బంధువుకు రక్తమిచ్చి లేస్తూ, "నెత్తురిచ్చాను గానీ, సంక్రాంతికి బొమ్మ మాదే హిట్టు!" అని మరీ వెళ్ళాడు.

ఆ తలసేమియా పిల్లాడికి ఇప్పుడు ఇరవై దాటాయి. ఈ మంగళవారానికి బి-నెగెటివ్ కావాలి. ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకడు ఊళ్ళో లేడు. ఇంకొకడికి మూడు నెలలు నిండలేదు. మూడోవాడు మార్నింగ్ షో చూసి వస్తానన్నాడు.