కారు రంగుకు చివరి మెరుగు



బళ్లారి, హోస్పేట, సండూరు ప్రాంతాల్లో కారున్న ఇంట పొద్దున్నే కనబడే దృశ్యం ఒకటుంది. ఇంటాయన ఒక పొడిగుడ్డ తీసుకుని, రాత్రి బండి మీద పడిన ఎర్రదుమ్మును తుడుస్తూ ఉంటాడు. బడికి వెళ్లేముందు నేనూ ఆరేళ్లపాటు ఆ పనే చేశాను. బండిని శుభ్రం చేస్తున్నానని అనుకున్నాను. నిజానికి రోజూ దానిమీద ఉప్పుకాగితం రుద్దుతున్నానని అప్పుడు తెలియలేదు. మన దుమ్ములో ఇనుప ఖనిజం ఉంటుంది, ఇసుక రేణువులు ఉంటాయి. అవి కారు పైపూత కంటే గట్టివి. పొడిగుడ్డ కింద పడితే గీత గీయక మానవు.

నాది నల్ల కారు. ఎండలో నిలబెడితే సాలెగూడు అల్లినట్టు సన్నని గుండ్రటి గీతలు కనబడేవి. గృహప్రవేశానికి చుట్టాలు వస్తున్నారని ఒక దుకాణంలో పాలిషుకు ఇచ్చాను. సాయంత్రం దీపాల వెలుగులో బండి అద్దంలా మెరిసింది. సంతోషంగా డబ్బులిచ్చి వచ్చాను. వారం తిరిగి, రెండుసార్లు కడిగేసరికి మెరుపు పోయింది. గీతల స్థానంలో నీళ్లమీద నూనె తేలినట్టు మసక మసక చారలు బయటపడ్డాయి. ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి కొంత చదివాను, పని తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఆ తెలుసుకున్నదే ఈ రోజు మీతో పంచుకుంటాను.

ముందు కారు రంగు ఎలా ఉంటుందో చూద్దాం. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శకమైన పూత. దీన్నే క్లియర్ కోటు అంటారు. ఎండను తట్టుకునేది, మెరుపునిచ్చేది ఇదే. దీని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక చాలావరకు అంతకంటే లావుగానే ఉంటుంది. అంటే మనం రుద్దేదంతా వెంట్రుకంత కూడా లేని పొర మీద! పాలిష్ చేయడమంటే ఏదో పూయడం కాదు, ఆ పొరలో కొంత తీసివేయడం. తీసింది మళ్లీ రాదు. ఈ ఒక్కమాట గుర్తుంటే మిగతాదంతా తేలిక.

వడ్రంగి పని చూడండి. మొదట గరుకు కాగితంతో రుద్దుతాడు, తర్వాత నున్నటి కాగితంతో రుద్దుతాడు, చివరకు వార్నిషు వేస్తాడు. కారుకూ అంతే. మొదటిది కాంపౌండు. ఇందులో గరుకు రేణువులుంటాయి, గీతలను కోసేస్తుంది, కానీ తన గుర్తులు తాను వదిలిపోతుంది. రెండోది ఫినిషింగ్ పాలిష్. ఇందులో రేణువులు చాలా సన్నగా ఉంటాయి. కాంపౌండు వదిలిన మసకను తీసి లోతైన నిగారింపు ఇస్తుంది. మూడోది మైనం, అంటే వ్యాక్స్, లేదా సీలెంటు. ఇది దేన్నీ తీయదు, రక్షణగా పైన నిలుస్తుంది. నా బండికి మొదటి పని చేసి, రెండోది వదిలేసి, నూనె పదార్థంతో చారలను కప్పేశారు. నూనె పోగానే గుట్టు బయటపడింది.

ఇక ఎంపిక. పేర్లు చెప్పడం ఇక్కడ పద్ధతి కాదు, డబ్బామీద ఏం చదవాలో చెబుతాను. ‘కటింగ్’, ‘రబ్బింగ్’, ‘కాంపౌండ్’ అని ఉంటే అది మొదటి మెట్టు. ‘ఫినిషింగ్’, ‘ఫైన్’, ‘అల్ట్రా ఫైన్’ అని ఉంటే మనకు కావలసింది. కొన్ని డబ్బాల మీద కోత ఎంత, మెరుపు ఎంత అని అంకెలు వేసి ఉంటాయి. కోత తక్కువ, మెరుపు ఎక్కువ ఉన్నది తీసుకోండి. క్లియర్ కోటుకు పనికివస్తుందని రాసి ఉందా చూడండి. ‘గ్లేజ్’ అని ఉంటే అది చాలావరకు గీతలను కప్పేదే, తీసేది కాదు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం, మెత్తనిదానితో మొదలుపెట్టడం. ఫినిషింగ్ పాలిషుతోనే పని జరిగితే కాంపౌండు జోలికే పోవద్దు. గీతమీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిషుకు పోయేది కాదు, దానికోసం పొరను అరగదీయకండి.

వాడే విధానం చెబుతాను. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము జారిపోనివ్వండి. తర్వాత కారు షాంపూతో కడగండి, బట్టల సబ్బు వద్దు. రెండు బక్కెట్లు పెట్టుకోండి. ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరితే తెల్లమచ్చలు పడతాయి. కడిగిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. ఆ తర్వాత వేలికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి రంగుమీద నిమరండి. గరగరమంటే ఇంకా మురికి అతుక్కుని ఉందన్నమాట. దాన్ని క్లే బారు అనే బంకముద్దతో, తడి ఆరనివ్వకుండా తీయాలి.

పని నీడలో జరగాలి. రేకు చేతికి చల్లగా తగలాలి. ఎండలో పాలిష్ ఎండిపోయి మరకలవుతుంది. నల్ల ప్లాస్టిక్ భాగాలకు, రబ్బరు అంచులకు టేపు అంటించండి. రేకు మడతలు, అంచుల దగ్గర పూత పల్చగా ఉంటుంది, అక్కడ ఒత్తిడి పెట్టకండి. ముందుగా ఒక అడుగు చోటులో చేసి చూసి, ఫలితం నచ్చితేనే ముందుకు వెళ్లండి.

మెత్తటి స్పాంజి ప్యాడ్ మీద కందిగింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. ఒకసారి రెండడుగుల చదరం మాత్రమే తీసుకోండి. యంత్రముంటే తిరుగుతూ, ఊగుతూ పనిచేసే డ్యూయల్ యాక్షన్ రకం కొత్తవారికి క్షేమం. ఒకేచోట గిరగిర తిరిగే రోటరీ యంత్రం త్వరగా వేడెక్కిస్తుంది, అలవాటు లేని చేతిలో పూతను కాల్చేస్తుంది. నెమ్మదిగా, ఒక వరుస సగంమీద మరో వరుస వచ్చేలా నాలుగైదుసార్లు నడపండి. ప్యాడ్‌ను మధ్యమధ్య శుభ్రం చేయండి, నేలమీద పడితే మళ్లీ వాడకండి. యంత్రం లేకపోతే చేత్తోనూ చేయవచ్చు, శ్రమ ఎక్కువ, కానీ తేలికపాటి మసక పోతుంది.

తుడిచాక మోసపోకుండా చూసుకోవాలి. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక పాలుకు నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, గుడ్డతో తేలికగా తుడవండి. నూనె పోతుంది. అప్పుడు బండిని ఎండలోకి తెచ్చి చూడండి. అప్పుడు కనబడేదే అసలు మెరుపు. నేను ఈ పరీక్ష ముందే అడిగి ఉంటే ఆ దుకాణంలో డబ్బులు పోయేవి కావు. మీరు బయట పని చేయించుకున్నా ఇది అడగండి, పనివాడు నిజాయితీపరుడైతే నొచ్చుకోడు. అంతా బాగుంటే మైనం వేసి ముగించండి.

పాత బళ్ల గురించి ఒకమాట. మా నాన్నగారు 1998లో కొన్న ఎర్ర మారుతి ఎనిమిదొందలు ఇంకా మా ఇంట్లో ఉంది. రంగు వెలిసి, సుద్ద పూసినట్టు అయితే, మళ్లీ పెయింటు వేయించక తప్పదని అందరూ అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, ఆయన చేయిపడిన రంగు అది అంది. నేను పాలిష్ మొదలుపెట్టగానే గుడ్డ ఎర్రబడింది, గుండె జారింది. తర్వాత తెలిసింది, దానికి క్లియర్ కోటు లేదు, పైనున్నది రంగే. గుడ్డకు అంటింది ఎండకు చచ్చిన పొర. అందుకని ఇంకా మెల్లగా, ఇంకా తక్కువగా రుద్దాను. మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం అమ్మ బానెట్‌లో ముఖం చూసుకుని, కొంగుతో తుడవబోయి, ‘పొడిగుడ్డ కూడదంటివి కదరా’ అని ఆగింది.

చివరి హెచ్చరిక. మెరుపు బాగుందని నెలనెలా పాలిష్ చేయకండి. పూత తరిగిపోయే ధనం. పాలిష్ అవసరమైనప్పుడే, మైనం రెండు మూడు నెలలకోసారి, నీళ్లతో కడగడం వారానికోసారి. రేపు పొద్దున మాత్రం ఆ పొడిగుడ్డ చేతిలోకి తీసుకునేముందు ఒక చెంబెడు నీళ్లు గుర్తుచేసుకోండి.