చెత్త ఎరువుతో నీటికి వైద్యం

కెనడాలో సడ్‌బరీ దగ్గర నికెల్ రిమ్ అని ఒక గని ఉండేది. 1953లో మొదలై 1958లో మూతపడింది. మనుషులు వెళ్లిపోయారు గానీ, నికెల్ తీసుకోగా మిగిలిన రాతిపిండి కుప్పలు అక్కడే ఉండిపోయాయి. వీటిని గనుల్లో టైలింగ్స్ అంటారు.

ఆ పిండిలో ఇనుము, గంధకం కలిసి ఉన్నాయి. భూమి లోపల రాయిగా ఉన్నన్నాళ్లూ దాంతో పేచీ లేదు. పొడి చేసి గాలికీ వానకీ వదిలేశాకే ముప్పు మొదలవుతుంది. గంధకం ఆమ్లమవుతుంది, ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఈ పనిని వేగంగా నడిపించేది కంటికి కనిపించని బాక్టీరియా. ఆమ్లంలోనే హాయిగా బతికే ఈ జీవిని శాస్త్రవేత్తలు 1947లో అమెరికా బొగ్గు గనుల నీటిలో గుర్తించారు.

ఇలాంటి నీరు నేలలోంచి వచ్చేటప్పుడు తేటగానే ఉండొచ్చు. గాలి తగిలాక తుప్పు రంగుకు తిరుగుతుంది. వాగు అడుగున నారింజ రంగు బురద పేరుకుంటుంది. ఇనుము అలా విడిపోతున్నప్పుడే మరింత ఆమ్లం పుడుతుంది. అందుకే తేటగా కనిపించే నీటిని చూసి నమ్మడానికి లేదు.

సున్నం కలిపి ఆమ్లాన్ని విరిచేయడం పాత పద్ధతి. అది పనిచేస్తుంది. కానీ నీళ్లు కారినన్నాళ్లూ సున్నం పోస్తూనే ఉండాలి, దిగిన బురదను ఎత్తిపోస్తూనే ఉండాలి.

వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బ్లోస్, షాన్ బెన్నర్ తదితరులు వేరే దారి పట్టారు. కుప్పల కింది నీరు భూగర్భంలో రాళ్ల మధ్య ఇరుకు లోయ గుండా సాగుతోంది. 1995లో ఆ దారికి అడ్డంగా కందకం తవ్వారు. పొడవు 15 మీటర్లు, లోతు 3.6, మందం 4. అందులో నింపింది మున్సిపాలిటీ కంపోస్టు, ఆకుల ఎరువు, చెక్క ముక్కలు, కాస్త సున్నపురాయి. నీరు సులువుగా పారడానికి సగం దాకా గులకరాళ్లు కలిపారు. గాలి చొరబడకుండా పైన బంకమన్ను కప్పారు. ఇది నీటిని ఆపే గోడ కాదు, నీరు దీనిలోంచే సాగిపోతుంది.

లోపల పని చేసేది మరో రకం బాక్టీరియా. డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ దీన్ని కనిపెట్టింది 1895లో, అంటే ఈ కందకానికి సరిగ్గా నూరేళ్ల ముందు. దీనికి గాలి గిట్టదు. ఆకుల ఎరువు తింటుంది, ఆక్సిజన్‌కు బదులు నీటిలో సల్ఫేట్ రూపంలో ఉన్న గంధకాన్ని వాడుకుంటుంది. అప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది ఇనుముతో, నికెల్‌తో కలిసి నల్లటి పొడిగా గోడలోనే దిగిపోతుంది. గాలిలో విడిపోయిన గంధకం, లోహం మళ్లీ జతకడతాయన్నమాట!

ఫలితం నెలల్లోనే తేలింది. లీటరుకు 740 నుంచి 1000 మిల్లీగ్రాములున్న ఇనుము, ఈ గోడ దాటాక 91 మించలేదు, కొన్నిచోట్ల 1 కన్నా తగ్గింది. పీహెచ్ 5.8 నుంచి 7కు చేరింది. ఆమ్లాన్ని పుట్టించే నీరు ఆమ్లాన్ని విరిచే నీరుగా మారింది.

అలాగని ఇది ఒకసారి కట్టి మరిచిపోయే గోడ కాదు. చలికాలంలో బాక్టీరియా మందగిస్తుంది. గులకరాళ్ల సందున వేగంగా జారే నీటికి సరిగా శుద్ధి జరగదు. ఏళ్లు గడిచేకొద్దీ ఎరువులో సత్తువ తగ్గుతుంది.

మన సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ, కాబట్టి ఆమ్లపు నీటి బెడద అంతగా లేదు. మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గులో అది ఎక్కువ. అక్కడ ఎలుక బొరియల్లాంటి ఇరుకు సొరంగాల్లో సాగే తవ్వకాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. వదిలేసిన గనుల నుంచి ఆమ్లపు నీరు వాగుల్లోకి దిగుతూనే ఉంది. గనికి అనుమతి ఇచ్చే రోజునే, మూసేశాక వచ్చే నీటి ఖర్చు ఎవరు, ఎన్నేళ్లు భరించాలో కాగితం మీద రాయించుకోవాలి. నికెల్ రిమ్‌లో తవ్వింది 5 ఏళ్లు, ఆ కందకం పడేసరికి గని మూసి 37 ఏళ్లయింది.