బహుపదికి పరిమాణము

నేడు బీజగణితమునుండి యొక చిన్న విషయమును మీకు విన్నవించెదను. అక్షరములతో చేయు లెక్క బడిపిల్లలకే గాని మనకేల యని మీకు తోచవచ్చును. ఊరికి బావి త్రవ్వింపదలచి చందాలు వ్రాయించు పెద్దలకే యిది ముందుగా కావలయునని నా యభిప్రాయము.

నలుచదరపు బావి యొకటి అనుకొనుడు. వెడల్పెంతయో లోతును అంతయే. ఆ కొలత యెన్ని గజములో యింకను నిర్ణయము కాలేదు. ఇట్టి తెలియని రాశిని 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితమునందు 'యావత్తావత్తు' అని వ్యవహరించెను. ఎంతయో అంత యని దాని యర్థము. మనము దాని మొదటి యక్షరమునే గైకొని 'య' అందము. య ను య చేత గుణించిన వర్గము. మరల య చేత గుణించిన ఘనము.

ఇక వ్యయము. మన్ను త్రవ్వుటకు ఘనపు గజమునకు 2 రూపాయలు, నాలుగు ప్రక్కల రాతికట్టునకు చదరపు గజమునకు 6, పైని చుట్టు పిట్టగోడకు గజమునకు 5, పూజా ముహూర్తములకు 100 అనుకొందము. ఈ ధరలు లెక్క సులువునకై నేను కల్పించినవి. వీనిని పట్టుకొని మేస్త్రీతో వాదింపవలదు. మొత్తము వ్యయము 2 య ఘనములు, 24 య వర్గములు, 20 య లు, 100 కలిసినంత. ఇట్లు పదములు కూడిన దానిని బహుపది యందురు. ఒక పదమున య ఎన్నిమారులు గుణకముగా వచ్చునో అది యా పదమునకు ఘాతము. ఘనమునకు 3, వర్గమునకు 2, ఒంటి య కు 1, వట్టి 100కు 0. వీనిలో నెల్ల పెద్దదియే బహుపదికి పరిమాణము. మన బావికి అది 3.

వర్గము ముందర 24 ఉండగా, 2 మాత్రమే గల ఘనమున కింత పెద్దరిక మేల? 4 గజముల బావికి త్రవ్వకము 128 రూపాయలు, రాతికట్టు 384. త్రవ్వకము లెక్కింపదగినదిగా తోచదు. 12 గజములకడ రెండును సమానమై చెరి 3456 అగును. 20 గజములకు త్రవ్వకము 16000, కట్టు 9600. కొలత రెట్టింపైనప్పుడు వర్గము 4 రెట్లు, ఘనము 8 రెట్లు పెరుగును. గుణకము మాత్రము ఉన్నచోటనే యుండును. 10 గజముల బావికి మొత్తము 4700 రూపాయలు. 20 గజముల బావికి 26100. రెట్టింపు బావికి రెట్టింపు చందా చాలునని తీర్మానించిన యూరు 9400 వసూలు చేసి, సగము గోతికడ నిలిచిపోవును.

పరిమాణము చెప్పుటకు ముందు సజాతి పదములను కలుపుటయో తీసివేయుటయో ముగింపవలయును. వేరొక మేస్త్రీ వచ్చి, త్రవ్వకమునకును పిట్టగోడకును అవే ధరలు, రాతికట్టునకు 5 రూపాయలే, అయితే సామాను తరలింపుతో కూడ విడిఖర్చు 500 అనెననుకొనుడు. అతని లెక్కయు పరిమాణము 3 గలదే. మొదటి దానినుండి దీనిని తీసివేయుడు: ఘనములు పోవును, య లును పోవును, 4 య వర్గములలో 400 తక్కువ మిగులును. భేదమునకు పరిమాణము 2 మాత్రమే. కనుక త్రవ్వకమును గూర్చి తగవులాడ పని లేదు. 10 గజములకు లోపు మొదటివాడు చవుక, 10 దాటినచో రెండవవాడు; సరిగా 10 గజములైనచో ఇరువురును సమానమే.