ఒక రూటర్, నాలుగు దారులు: ఫైర్‌వాల్ రూల్స్ ఎలా పెట్టాలి?

ఈ ఎపిసోడ్‌లో ఫైర్‌వాల్ గురించి మాట్లాడుకుందాం. "మా చిన్న రూటర్‌కి ఇవన్నీ ఎందుకండీ?" అని చాలామంది అడుగుతారు. ఎందుకో ముందు చెప్తా.

2016 అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి సరిగ్గా తెరుచుకోలేదు. డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడి జరిగింది. దాడిలో వాడుకున్నవి ఏంటో తెలుసా? సీసీటీవీ డీవీఆర్‌లు, కెమెరాలు, ఇళ్లలోని రూటర్లు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని వాటిలోకి మిరాయ్ అనే మాల్వేర్ దూరింది. అలాంటి కెమెరాలే ఇప్పుడు తెనాలి షాపుల్లో, బాపట్ల హాస్టళ్లలో, రేపల్లె వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఉన్నాయి.

సరే, విషయంలోకి వద్దాం. దుగ్గిరాల లాకులు చూసే ఉంటారు. నీళ్లు ఒక వైపు నుంచి వస్తాయి, కాలువలు వేరువేరుగా పోతాయి. ఏ తలుపు ఎంత ఎత్తాలో లాకుల దగ్గర తేలుతుంది. రూటర్ కూడా అంతే. ఒక్కో కాలువ ఒక్కో ఇంటర్‌ఫేస్. తలుపులే ఫైర్‌వాల్ రూల్స్.

తెనాలిలో ఒక బట్టల షాపు అనుకుందాం. నాలుగు ఇంటర్‌ఫేస్‌లు:

1. వాన్: బయటి ఇంటర్నెట్.
2. లాన్: బిల్లింగ్ కంప్యూటర్లు, 192.168.10.1
3. గెస్ట్: కస్టమర్ల వైఫై, 192.168.20.1
4. కెమెరా: సీసీటీవీ, 192.168.30.1

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. రూటర్‌కే వచ్చే ట్రాఫిక్ ఇన్‌పుట్. రూటర్ గుండా ఒక ఇంటర్‌ఫేస్ నుంచి ఇంకోదానికి పోయేది ఫార్వర్డ్. ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు రూల్స్. మైక్రోటిక్‌లో అయితే పైనుంచి కిందికి చదువుతుంది, ముందు ఏది సరిపోతే అదే అమలవుతుంది. కాబట్టి వరుస ముఖ్యం.

మొదటిది, ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ ట్రాఫిక్‌ని అనుమతించండి. అంటే లోపలివాళ్లు అడిగినదానికి వచ్చే జవాబు. ఇది లేకపోతే ఏ పేజీ తెరుచుకోదు. రెండు, లాన్ నుంచి వాన్‌కి ఓకే. మూడు, గెస్ట్ నుంచి వాన్‌కి మాత్రమే ఓకే. నాలుగు, లాన్ నుంచి కెమెరాకి ఓకే, ఓనర్ చూడాలి కదా. చివర్లో, మిగతాదంతా డ్రాప్. కెమెరా నుంచి ఎటూ కొత్త దారి లేదన్నమాట.

ఇన్‌పుట్‌లోనూ ముందు అదే ఎస్టాబ్లిష్డ్ రూల్. రూటర్ సెట్టింగుల పేజీ లాన్‌కి మాత్రమే. వాన్, గెస్ట్, కెమెరా నుంచి వచ్చేది డ్రాప్. ఆగండి, గెస్ట్ ఇన్‌పుట్ మొత్తం మూసేస్తే వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, నెట్ రాదు. ఫోన్‌కి ఐపీ ఇచ్చేది, పేర్లు వెతికిపెట్టేది రూటరే. అందుకే డ్రాప్‌కి పైన గెస్ట్‌కి యూడీపీ 67, డీఎన్ఎస్ కోసం 53 (యూడీపీ, టీసీపీ రెండూ) తెరవాలి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడేవాళ్లకి ఇవే జోన్ల రూపంలో ఉంటాయి. లెక్క ఒకటే.

ఇంకో సంగతి. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న రెండు ఫోన్లు మాట్లాడుకుంటే మామూలుగా ఈ రూల్స్ దాకా రాదు. బాపట్ల హాస్టల్లో అందరూ ఒకే వైఫైలో ఉంటే పక్క రూమ్ వాడి ఫోన్ మీ ల్యాప్‌టాప్‌ని తట్టగలదు. దానికి వైఫైలో క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేయాలి.

రేపల్లె చెరువు కెమెరాని ఇంటి నుంచి చూడాలంటే? పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి కెమెరాని నేరుగా బయటికి తెరవొద్దు. రూటర్‌లో వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టి, వాన్ ఇన్‌పుట్‌లో ఆ ఒక్క పోర్ట్ తెరిచి, వీపీఎన్ నుంచి కెమెరాకి ఫార్వర్డ్ ఇవ్వండి. రూటర్ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ పబ్లిక్ ఐపీ నలుగురితో పంచుకున్నది. బయటి నుంచి నేరుగా రాలేరు, ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ అడగాలి.

ఐపీవీ6 ఆన్‌లో ఉంటే దానికీ ఇవే రూల్స్ పెట్టండి. అక్కడ సాధారణంగా నాట్ ఉండదు, కెమెరాకి సొంత పబ్లిక్ అడ్రస్ రావచ్చు. అయితే ఐపీవీ6కి ఐసీఎంపీవీ6 కావాలి, దాన్ని పూర్తిగా మూయొద్దు.

రూల్స్ మార్చేటప్పుడు కేబుల్‌తో లాన్‌లో కూర్చోండి, ముందు బ్యాకప్ తీసుకోండి. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ ఆన్ చేస్తే, మీ రూల్ మిమ్మల్నే బయటికి తోసినా పాత సెట్టింగ్ తిరిగొస్తుంది.

అయిపోయాక టెస్ట్ చేయండి. ఫోన్‌ని గెస్ట్ వైఫైకి కలిపి 192.168.20.1, 192.168.10.1 రెండూ బ్రౌజర్‌లో కొట్టండి. తర్వాత కెమెరా ఐపీ కొట్టండి. ఏదీ తెరుచుకోకూడదు, యూట్యూబ్ మాత్రం ఆడాలి. అప్పుడు మీ తలుపులు సరిగ్గా పడ్డట్టు. కెమెరా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మాత్రం ఈరోజే మార్చేయండి. ఉంటాను మరి.