పాదాలతో తాగి, ఆకులతో వదిలి…

చెట్టుకు మన పెద్దలు పెట్టిన పేర్లలో ‘పాదపం’ ఒకటి. పాదాలతో తాగేది అని అర్థం. తెలుగు పాఠం చెప్పుకొని బతికే నాబోటివాడికి ఈ మాట మీద మమకారం కాస్త ఎక్కువే. అయితే అందులో ఉన్నది సగం కథ. తాగిన నీటిని చెట్టు ఏం చేస్తుందో ఆ పేరు చెప్పదు. నూటికి 95 పాళ్ళకు పైగా ఆకుల దారిన గాలిలోకి వదిలేస్తుంది! తనకని ఉంచుకునేది బహు స్వల్పం.

దీన్ని తూచి చూసినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు. 1724లో ఆయన మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెట్టి, మట్టిలోని తడి ఆరిపోకుండా కుండీ మూతికి సీసపు రేకు బిగించి, పూటపూటా తూచాడు. పగటి పన్నెండు గంటల్లో సగటున 20 ఔన్సులు, అంటే అర లీటరుకు పైగా నీరు పోయింది. ఆ లెక్కలన్నీ 1727లో పుస్తకంగా అచ్చువేశాడు. పాఠ్యపుస్తకాలవాళ్ళు ఈ పనికి ‘బాష్పోత్సేకం’ అని పేరు పెట్టారు. పిల్లలు దాన్ని పలకలేక పడే అవస్థ నాకు తెలుసు. ‘ఆకు చెమట’ అనుకున్నా నష్టం లేదు.

మరి తాగడం ఎలాగ? లావుపాటి వేళ్ళు చెట్టును నిలబెట్టడానికే గాని, నీరు పీల్చేది లేతవేళ్ళ చివర ఉండే సన్నని నూగు. 1937లో డిట్మర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు నాలుగు నెలల రై మొక్క ఒక్కదాని వేళ్ళను లెక్కగడితే, ఆ నూగుపోగులు సుమారు 1400 కోట్లు తేలాయి. నారు ఎంత మెల్లగా పీకినా ఈ నూగు కొంత తెగుతుంది. కొత్తగా నాటిన మొక్క రెండు రోజులు తల వాల్చేది అందుకే.

నూగు నీటిని లాగే కిటుకు మన వంటింట్లోనే ఉంది. మాగాయ ముక్కల మీద ఉప్పు చల్లి మర్నాడు మూత తీయండి. ముక్కలు ముడుచుకొని, జాడీలో ఊట నిలిచి ఉంటుంది. అదే ఎండుద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. పలచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు నడుస్తుందన్నమాట. వేరులోని రసం మట్టిలోని నీటికన్న చిక్కగా ఉన్నంతకాలం మొక్కదే పైచేయి. నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా ఆ నీటిలో కరిగితేనే లోపలికి పోతాయి. కాని వాటిలో చాలా భాగాన్ని మొక్క తన శక్తి ఖర్చుపెట్టి ఏరి తీసుకోవాలి. ఆ శక్తికి వేళ్ళకు గాలి ఆడాలి. రోజూ కుండీ నిండా నీళ్ళు పోస్తున్నా తులసి ఆకులు పసుపుబారుతున్నాయంటే, చాలాసార్లు ఆ నీళ్ళే కారణం.

మట్టిలో ఉప్పు ఎక్కువైందా, మొక్కే మాగాయ ముక్క అవుతుంది. రోజా త్వరగా పూయాలని గుప్పెడు యూరియా కుమ్మరించిన ఇల్లాలికి ఈ సంగతి రెండు మూడు రోజుల్లో తెలిసివస్తుంది. కుండీ పోతే పోయింది. పొలం పోతే? 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అటువంటి ఉప్పెన వెనక్కి పోయాక, బతికినవాళ్ళకు మిగిలే నేల చిత్రమైనది. తడి ఉంటుంది, పైరు మాత్రం దాహంతో మాడుతుంది. దానికి మందు మళ్ళీ మంచినీరే. చేలో నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగుకాలువలోకి వదలాలి. ఒకసారి కాదు, పదేపదే. మురుగు పోయే దారి లేకపోతే ఎంత నీరు పెట్టినా ఉప్పు కదలదు. నీరు తెచ్చే కాలువ మీద ఉన్న శ్రద్ధ మురుగుకాలువ మీద లేకపోవడం మనకు పాత జబ్బు.

ఇక అన్నిటికన్న వింత, నీరు పైకెక్కడం. గాలి లాగేసి నీటిని పీల్చే పంపు 34 అడుగులకు మించి ఎత్తలేదు. మన కొబ్బరిచెట్లే దానికి రెట్టింపు దాటుతాయి. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్టు ఒకటి 380 అడుగులుంది! వేళ్ళు కింది నుంచి కొంత తోస్తాయి, నిజమే. నరికిన అరటిబోదె మీద ఊరే నీరు, తెల్లవారి గరిక కొసన నిలిచే బొట్టు ఆ తోపుడు వల్లనే. ఆ బొట్టు చాలాసార్లు మంచు కాదు, గడ్డి లోపలి నీరే. కాని ఆ తోపుడు ఇంత ఎత్తుకు చాలదు. చెట్టులోని జీవకణాలు కొట్టుకుంటూ నీటిని తోస్తాయని జగదీశ్ చంద్ర బోసుగారు 1923లో పుస్తకమే రాశారు. మనవారి మాట నిలిస్తే బాగుండుననిపిస్తుంది గాని, నిలవలేదు. అంతకుముందే జర్మనీలో స్ట్రాస్‌బుర్గర్ విషం ఎక్కించి ఆ కణాలను చంపి చూశాడు. నీరు ఎక్కుతూనే ఉంది!

గుట్టు 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ చెప్పారు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆకులో కాస్త ఆవిరైతే, వెనకనున్న నీరు చేంతాడులా వేరుదాకా కదులుతుంది. అది నడిచే గొట్టాలు ప్రాణం లేని కణాలు. గిలక దగ్గర నిలబడి చేదేవాడు సూర్యుడు. చెట్టుకు కూలి ఖర్చు లేదు.

అంత నీరు పోగొట్టుకోవడం దేనికంటారా? బొగ్గుపులుసు గాలి లోపలికి రావాలంటే ఆకు తన సన్నని రంధ్రాలు తెరవాలి. తెరిస్తే నీరు పోతుంది. తలుపు తీయక తప్పదు గనుక ఒక్కొక్క మొక్క ఒక్కొక్క ఉపాయం పన్నింది. గన్నేరు ఆకు అడుగున గుంటలు చేసి వాటిలో రంధ్రాలు దాచుకుంది. నాగజెముడు పగలు మూసి రాత్రి తెరుస్తుంది. నీళ్ళ మీదనే పడుకున్న తామరాకుకు ఏ బెంగా లేదు. పైవైపునే తెరుచుకొని ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం వాలిన గుమ్మడి ఆకులను చూసి చెంబు పట్టుకొని పరుగెత్తనక్కరలేదు. పోయేదానికి వచ్చేది అప్పటికి చాలలేదు, అంతే. పొద్దు వాలితే అవే లేస్తాయి. తెల్లవారి చూసినా వాలే ఉంటే, అప్పుడు పోయండి.