ఖిచిడీ వద్దు, బిస్కెటే కావాలి... అది మొండితనమేనా?

రెండేళ్ల బాబు తెల్లన్నం, పెరుగు, ఒకే రకం బిస్కెట్ తప్ప ఇంకేదీ ముట్టడు. ఖిచిడీలో పప్పు పలుకు నాలుకకు తగిలితే చాలు, ఉమ్మేస్తాడు. రోటీ మీద మాడిన మచ్చ కనిపిస్తే పళ్లెం తోసేస్తాడు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో వినిపించే మాటలు దాదాపు ఒకటే. నజర్ తగిలిందని దాదీ అంటుంది. తల్లి గారాబమే చెడగొట్టిందని చుట్టాలంటారు. మొత్తానికి నింద తల్లి మీదే పడుతుంది.

రెండేళ్ల వయసులో తిండికి పేచీ పెట్టే పిల్లలు చాలామందే. ఎక్కువ మందిలో అది వయసుతో తగ్గిపోతుంది. పేచీ పెట్టినంత మాత్రాన ఆటిజం అనుకోకూడదు. అయితే ఆటిజం లక్షణాలున్న పిల్లల్లో ఈ ఇబ్బంది ముందుగా మొదలవుతుంది, త్వరగా పోదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1991-92లో పుట్టిన పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. వారిలో ఆటిజం నిర్ధారణ అయిన 79 మందిని మిగతా సుమారు 13 వేల మందితో పోల్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఈ పిల్లలు ఆరో నెలలోనే నెమ్మదిగా తినేవారని, 15 నెలల నుంచి తినిపించడం కష్టమయ్యేదని తల్లులు చెప్పిన వివరాల్లో తేలింది.

అదే అధ్యయనంలో ఇంకో విషయం కూడా ఉంది. ఈ పిల్లల బరువు, ఎత్తు మిగతావారిలాగే ఉన్నాయి. కానీ వాళ్లు తినే తిండిలో విటమిన్ సి, విటమిన్ డి తక్కువ. "బరువు బాగానే ఉంది కదా, ఫికర్ ఎందుకు" అని మనవాళ్లు అనేది ఇక్కడే తప్పుతుంది. పండ్లు, కూరగాయలు ఏమాత్రం తినని కొందరు ఆటిజం పిల్లల్లో చిగుళ్ల నుంచి రక్తం కారి, కాళ్ల నొప్పులతో నడవలేని స్థితి వచ్చినట్టు వైద్య పత్రికల్లో కేసులు నమోదయ్యాయి. అది స్కర్వీ, అంటే విటమిన్ సి లోపం. పాలతోనే కడుపు నింపుకునే పిల్లలకు రక్తహీనత వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇంతకీ ఎందుకు తినరు? వాసన, రంగు, మెత్తదనం, కరకరలాడే శబ్దం మనకంటే వీళ్లకు ఎన్నో రెట్లు గట్టిగా తగులుతాయి. బిస్కెట్ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. దాల్చా మాత్రం ఒక ముద్దలో పుల్లగా, ఇంకో ముద్దలో సొరకాయ ముక్కతో వస్తుంది. అది వాళ్లకు భయం. కొందరికి నమలడం సరిగా రాదు. మలబద్ధకం, పంటినొప్పి, ఛాతీలో మంట ఉన్నా మాటలు రాని పిల్లలు చెప్పుకోలేరు. అందుకే ముందు ఇవన్నీ డాక్టర్ చూడాలి.

ముక్కు మూసి నోట్లో కుక్కడం, కొట్టి తినిపించడం పనిచేయవు. భయం పెరిగి ఉన్న నాలుగు పదార్థాలు కూడా మానేస్తారు. దైవప్రవక్త (స) ఎన్నడూ ఆహారానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేదంటే వదిలేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. వంక పెట్టకూడదన్న సగం మనకు బాగా గుర్తుంటుంది, వదిలేసేవారన్న సగమే మర్చిపోతాం.

పిల్లాడు తినేదాని పక్కనే కొత్తది చిటికెడు పెట్టి ఊరుకోవాలి. చూస్తాడు, ఓ రోజు ముట్టుకుంటాడు, ఇంకో రోజు వాసన చూస్తాడు. నోట్లో పెట్టడానికి వారాలు పట్టొచ్చు. నమ్మి తినే పెరుగులో చెప్పకుండా మందు కలపొద్దు. రుచి తేడా తెలిస్తే పెరుగు కూడా పోతుంది. గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చే సలహాలకు గట్టి ఆధారం లేదు. ఉన్నదే నాలుగు రకాలైతే అందులో రెండు తీసేయడం ప్రమాదం.

ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు కూడా వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం తిండి ఇబ్బందితో కలిసి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. దుఆ చేయండి, దమ్ చేయించండి, ఎవరూ కాదనరు. దాంతోనే ఆగిపోయి ఏడాది పోగొట్టుకుంటేనే నష్టం.

ప్రైవేటు థెరపీ లెక్క నెలాఖరుకు చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. అందుకే ప్రభుత్వ దారి కూడా తెలిసి ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది. ఆ సర్టిఫికెట్ ఉంటే నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీకి అందులో విడిగా పరిమితి ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు పిల్లాడు తిన్నదంతా, ఉమ్మేసినదీ కలిపి, కాగితం మీద రాసుకోండి. భోజనం వేళ ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. ఆస్పత్రిలో పిల్లాడు ఇంట్లో ఉన్నట్టు ఉండడు.